ప్రోటీనా, పిండికట్టా?

షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండు నెలల తరబడి మానకపోతే దానికి ప్రోటీన్ మందు కావాలా, కాలి మీద భారం తీసేస్తే చాలా? విజయనగరంలో షుగర్ పాదాలకు క్లినిక్ నడిపే ఒక సర్జన్‌కూ, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఇలాంటి ప్రోటీన్ల తయారీ విభాగంలో పనిచేసే ఆమె తమ్ముడికీ మధ్య ఈ తగవు చాలాకాలంగా ఉంది. పండగలకు ఇంటికొచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర మొదలవుతుంది. వాళ్లమ్మ కసిరితే గానీ ఆగదు. ఈసారి అతను నేరుగా క్లినిక్‌కే వచ్చాడు.

అతను వచ్చేసరికి అక్క ఒక వ్యవసాయ కూలీ పాదం చూస్తున్నారు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అడుగున, రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ చర్మం తెల్లబడి ఆనె కట్టి గట్టిగా ఉంది. ఆ ఆనెను బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కుతుంటే ఆ కూలీ పక్కనున్న కూతురితో బియ్యం కార్డు గురించి మాట్లాడుతూనే ఉంది. మత్తు సూది వెయ్యలేదు. అవసరం లేదు, ఆ పాదానికి నొప్పి తెలియడం మానేసి చాలా రోజులైంది. ఆనె తీసేకొద్దీ పుండు అసలు అంచులు బయటపడ్డాయి. పైకి కనిపించిన దానికన్నా లోపల చాలా పెద్దది.

ఆమెను పంపించాక అక్క చేతులు కడుక్కుంటూ అడిగారు: “చూశావుగా. బ్లేడు పెట్టి కోస్తున్నా తెలియని పాదం మీద పొద్దస్తమానం నడుస్తుంది. అక్కడ నీ జెల్ రాస్తే ఏం ఒరుగుతుందిరా?”

“జెల్ ఏం చేస్తుందో తెలియాలంటే ఆ పుండులో ఏం లేదో చూడాలి అక్కా,” అన్నాడు తమ్ముడు. “మామూలుగా కాలు తెగితే రక్తం గడ్డకట్టేటప్పుడే ప్లేట్‌లెట్లు కొన్ని ప్రోటీన్లు వదులుతాయి. రండి, ఇక్కడ పని ఉంది అని కణాలను పిలిచేవి అవే. వాటిలో పీడీజీఎఫ్ ఒకటి. 1974లో సియాటిల్‌లో రసెల్ రాస్ బృందం దాని జాడ పట్టింది. ప్లేట్‌లెట్ల సారం ఉన్న సీరంలో కణాలు పెరిగాయి, అది లేని సీరంలో పెరగలేదు. అలాంటిదే ఇంకొకటి ఈజీఎఫ్, దాని కథ ఇంకా పాతది. స్టాన్లీ కోహెన్ మగ చిట్టెలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించాడు. రెండు వారాలకు విచ్చుకోవలసిన కళ్లు వారానికే విచ్చుకున్నాయి. ఎందుకని వెతుకుతూ పోతే 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ దొరికింది. రీటా లెవీ-మోంటాల్చినీతో కలిపి ఆయనకు 1986లో నోబెల్ ఇచ్చారు. పై చర్మం పొర సాగి పుండును కప్పాలంటే ఆ ప్రోటీన్ ఉండాలి.”

“ఇవన్నీ నేనూ చదివినవే. నువ్వు నోబెల్ దగ్గర మొదలుపెట్టి నా ట్రే దగ్గరికి ఎప్పుడొస్తావా అని చూస్తున్నా.”

“వస్తున్నా. 1997 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ బెకాప్లెర్మిన్ జెల్‌కు అనుమతి ఇచ్చింది. అదే పీడీజీఎఫ్, ఈస్ట్‌లో తయారైంది. రెగ్రానెక్స్ అని అమ్మారు. షుగర్ పాదపు పుండుకు అలా వచ్చిన మొదటి మందు అదే. మరుసటి ఏడు అచ్చయిన ప్రయోగంలో 382 మంది ఉన్నారు. 20 వారాల్లో ఎక్కువ మోతాదు జెల్ రాసినవాళ్లలో నూటికి 50 మందికి పుండు పూర్తిగా మూసుకుంది. ఉత్త జెల్ రాసినవాళ్లలో 35 మందికి. మానడానికి పట్టిన సమయం 127 రోజుల నుంచి 86కు తగ్గింది. నలభై రోజులు, అక్కా! కూలీకి వెళ్లే మనిషికి నలభై రోజులంటే మాటలా?”

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పుండు తెరుచుకుని ఉన్న ప్రతి వారమూ సూక్ష్మక్రిములు ఎముక దాకా పోయే అవకాశమున్న వారమే. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన సర్వే లెక్కన మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. వాళ్లలో కొద్ది శాతానికే కాలిపుండు పడిందనుకున్నా జిల్లా ఆసుపత్రుల సర్జికల్ వార్డులు నిండిపోతాయి. వేలితో మొదలై మోకాలి కింద దాకా వెళ్లే కోతలను చూసినవాళ్లకు నలభై రోజులు చిన్న లెక్కగా కనిపించదు.

అక్క మాత్రం ఆ లెక్క ఇంకోవైపు నుంచి విప్పారు. “యాభై మందికి మానింది. మరి మిగతా యాభై మందికీ మందు అందింది కదా, వాళ్లకెందుకు మానలేదు? దానికి ముందు 1996లో ఇదే ప్రోటీన్ మీద 118 మందితో చేసిన అధ్యయనం ఉంది. ఏ ఆసుపత్రిలో పుండు చుట్టూ ఆనెనూ లోపల చచ్చిన కండనూ తరచూ కోసి తీశారో అక్కడ ఎక్కువ మందికి మానింది. కోత సరిగ్గా చెయ్యని చోట అదే మందు అంతగా పనిచెయ్యలేదు. అంటే ఏమిటి? మందు చేతిలో ఉంది, బ్లేడు పట్టే చెయ్యి లేదు.”

“అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, నువ్వు దాన్ని ఎప్పుడూ చెప్పవు. అందరికీ కోతలు చేశారు. అయినా మందు వాడినవాళ్లలో 48 శాతానికి మానితే ఉత్త జెల్ వాళ్లలో 25 శాతానికే మానింది. బ్లేడు రెండు వైపులా ఉంది అక్కా. తేడా తెచ్చింది ప్రోటీనే.”

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అల్మారా తెరిచి ప్లాస్టర్ రోల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది తెలుసుగా, పిండికట్టు. సిమెంటు కట్టు అంటారు. విరిగిన ఎముకకు వేసేదే. పాదం అడుగు నుంచి మోకాలి కింద దాకా, చర్మానికి ఎక్కడికక్కడ అతుక్కునేలా వేస్తాం. బరువంతా ఒక్క బొటనవేలి మొదట్లో పడకుండా పాదమంతా, పిక్కంతా పంచుకుంటుంది. 2001లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 63 మందిని మూడు గుంపులు చేసి చూసింది. 12 వారాల్లో ఈ కట్టు వేసినవాళ్లలో 89.5 శాతానికి మానింది. తీసి పెట్టుకునే బూటు ఇచ్చినవాళ్లలో 65 శాతం, సగం చెప్పు ఇచ్చినవాళ్లలో 58 శాతం. ఏ ప్రోటీనూ రాయలేదు.”

“నీ 63 మందినీ నా 382 మందినీ ఒక త్రాసులో పెట్టకు. వాళ్లు వేరు, వీళ్లు వేరు. నీ 63 మందివీ పాదం అడుగున, స్పర్శ పోయి పడిన పుండ్లు. రక్తం బాగా ఆడే కాళ్లు. రక్తనాళం పూడుకుపోయిన కాలికి ఈ కట్టు వేస్తావా? చీము పట్టిన కాలికి?”

“వెయ్యను.”

“మరి నీ వార్డులో అలాంటివే ఎన్ని?”

“చాలానే,” అని ఒప్పుకున్నారు అక్క. “కానీ వాటికి నీ జెల్ కూడా అనుమతి పొందలేదు. రెగ్రానెక్స్ లేబుల్ మీద కూడా రక్తం సరిగ్గా ఆడే, స్పర్శ పోయిన పుండుకే అని రాసి ఉంటుంది. నాళం పూడితే ముందు నాళం తెరవాలి. అది రక్తనాళాల సర్జన్ పని, నీదీ కాదు, నాదీ కాదు.”

ఈ కట్టు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవలసిన కథే. షుగర్ పాదాల వైద్యులంతా గౌరవించే ఈ పద్ధతి షుగర్ కోసం పుట్టలేదు, కుష్ఠు కోసం పుట్టింది. 1930లలోనే కుష్ఠు రోగుల పాదపు పుండ్లకు ఇలాంటి కట్టు వేశారు. తర్వాత వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ ఎందుకు అరిగిపోతున్నాయో ఏళ్ల తరబడి గమనించాడు. మాంసం దానంతట అది కుళ్లి ఊడిపోవడం లేదనీ, నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ పడుతోందనీ తేల్చాడు. 1960లలో అమెరికాలో లూయిజియానా రాష్ట్రం కార్విల్‌లోని కుష్ఠు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈ కట్టును తనతో తీసుకెళ్లాడు. అక్కడ షుగర్ రోగుల పాదాలూ అవే పుండ్లతో కనిపించాయి. విజయనగరానికి ఎంతో దూరం కాని సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. మెత్తటి అడుగున్న ఎం.సి.ఆర్. చెప్పులు ఇలాంటి ఆసుపత్రుల్లోని కుష్ఠు రోగుల కాళ్లకే మొదట కనిపించాయి, తర్వాతే షుగర్ క్లినిక్కుల్లోకి వచ్చాయి. నొప్పి లేని పాదాన్ని ఎలా కాపాడాలో మన దగ్గర కుష్ఠు వార్డుల్లో నేర్చుకున్నంతగా మరెక్కడా నేర్చుకోలేదు. ఆ విద్య షుగర్ రోగుల దాకా పూర్తిగా చేరకపోవడం ఈ రచయితను బాధించే విషయం.

తమ్ముడు ఆ కథ విని తల ఊపాడు గానీ వెనక్కి తగ్గలేదు.

“కట్టు గొప్పదే. వేసుకున్నవాళ్లు ఎందరు? బూటు ఇస్తే తీసి మూల పెడతారు. ఆర్మ్‌స్ట్రాంగే లెక్కగట్టాడు, తీసే వీలున్న బూటు ఇచ్చినవాళ్లు రోజులో వేసే అడుగుల్లో 28 శాతమే దాంతో వేశారు. నాట్లప్పుడు మడిలో దిగే మనిషికి సిమెంటు కట్టు ఎలా వేస్తావు? కట్టు వేస్తే కూలి పోతుంది, కూలి పోతే రెండో వారం నుంచి నీ క్లినిక్‌కే రాదు.”

“మడిలో దిగేదానికి నీ జెల్ మాత్రం ఉంటుందా? సన్నగా పూసి, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ కప్పి, 12 గంటలయ్యాక కడిగేసి మళ్లీ తడి గాజు వెయ్యాలి. ట్యూబు ఫ్రిజ్‌లో ఉండాలి. ఇందాకటి ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు. నడక ఆపకుండా, చచ్చిన కండ తీయకుండా ప్రోటీన్ పూయడం కలుపు తీయని మడిలో యూరియా చల్లడంరా.”

“కలుపు సంగతి నాకూ తెలుసు. నిజానికి అక్కడే మా పని కష్టమైంది,” అన్నాడు తమ్ముడు. ఇక్కడి నుంచి వాదన పక్కకు తిరిగింది. అతను చెప్పిన విషయం అక్క వైపున్నవాళ్లు తరచూ పట్టించుకోనిది.

తెరిచి ఉన్న పుండులో కారే రసిలో ఎం.ఎం.పి.లనే ఎంజైములు ఉంటాయి. అవీ ప్రోటీన్లే. కొత్త గాయంలో వాటికి మంచి పని ఉంది. చెడిన కొలాజెన్‌ను ముక్కలు చేసి దారి చేస్తాయి, పని అయ్యాక తగ్గిపోతాయి. మానని పుండులో తగ్గవు. తెల్లకణాలు వస్తూనే ఉంటాయి, ఎంజైములు వదులుతూనే ఉంటాయి. శరీరం పంపిన ఎదుగుదల ప్రోటీన్లనూ, అప్పుడప్పుడే అల్లుకుంటున్న కొత్త కొలాజెన్‌నూ అవి కత్తిరించేస్తాయి. పై నుంచి రాసిన మందుకూ అదే గతి.

“కాబట్టి, పీడీజీఎఫ్ పనిచెయ్యదు అనడం కన్నా పనిచెయ్యవలసిన చోటికి చేరలేదు అనడం న్యాయం,” అన్నాడు తమ్ముడు. “క్యూబావాళ్లు దీన్ని ముందే గ్రహించారు. హవానాలోని జెనెటిక్ ఇంజనీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రంలో చేసిన ఈజీఎఫ్‌ను పైన రాయలేదు. సూదితో పుండు అంచుల్లోకీ అడుగులోకీ ఎక్కించారు, వారానికి మూడుసార్లు. హెబర్‌ప్రోట్-పి పేరుతో 2006లో అక్కడ నమోదైంది. కాలు తీసేయాల్సిందే అన్న దశకు వచ్చిన పుండ్లకూ వాడారు. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ అదే ఈజీఎఫ్‌ను జెల్‌గా, రీజెన్-డి పేరుతో తెచ్చింది. నేను రోజూ చూసే పని ఇది. ట్యాంకులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి నుంచి మన ప్రోటీన్ తీసి, కాలమ్ తర్వాత కాలమ్ గుండా పంపి శుద్ధి చేస్తాం. వడపోతలో చిన్న తేడా వచ్చినా బ్యాచ్ మొత్తం పారబోస్తాం. అంత కష్టపడి చేసినది రసిలో కరిగిపోతుందంటే నాకూ కష్టంగానే ఉంటుంది.”

అక్క గొంతు కాస్త మెత్తబడింది. “నీ కష్టాన్ని తక్కువ చెయ్యనురా. నాకు భయం ఒకటుంది. ఊళ్లో ఎవరో ఖరీదైన ట్యూబు రాసిస్తారు. ఇంటిల్లిపాదీ దానికోసం అప్పు చేస్తారు. ‘ఫారిన్ మందు పడింది, ఇక మానుతుంది’ అని నమ్మి మామూలుగా నడుస్తారు. నెలన్నరకు నా దగ్గరికొచ్చేసరికి ఎముక బయటపడి ఉంటుంది. మందు చెడ్డది కాదు, మందు ఇచ్చిన ధైర్యం చెడ్డది. ఇంకో సంగతి. 2008లో ఎఫ్‌డీఏ ఈ జెల్ పెట్టె మీద నల్లగీతల హెచ్చరిక వేయించింది, మూడు ట్యూబులో అంతకు మించో వాడినవాళ్లలో క్యాన్సర్ మరణాలు ఎక్కువని. నువ్వు అది చెప్పలేదు.”

“ఆ పెట్టె హెచ్చరికను 2018లో తీసేశారు, తర్వాతి లెక్కల్లో ఆ ముప్పు నిలబడలేదని. అదీ నువ్వు చెప్పలేదు.”

ఇద్దరి మాటా నిజమే. పుండు ఉన్న చోట క్యాన్సర్ గడ్డ ఉంటే ఆ జెల్ వాడకూడదన్న నిబంధన ఇప్పటికీ ఉంది. కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్‌ను ఎక్కడ వాడుతున్నామో చూసుకోవాలి కదా.

తర్వాత అక్క, షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం మాట ఎత్తారు. 2023లో వాళ్లిచ్చిన మార్గదర్శకాల్లో ఎదుగుదల ప్రోటీన్లను వాడవద్దనే సూచించారు. కొలాజెన్ డ్రెస్సింగులూ వద్దన్నారు. తమ్ముడికి ఆ రెండో మాట గుచ్చుకుంది. కొలాజెన్ మూడు పోగుల పురిలా ఉంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారనీ, అక్కడికి కూతవేటు దూరంలోనే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ తోళ్ల నుంచి కొలాజెన్ తీసే విద్యను పెంచిందనీ, మన ఆసుపత్రుల్లో కాలిన గాయాల మీద కొలాజెన్ షీట్ వెయ్యని వార్డు ఉండదనీ గుర్తుచేశాడు. అక్క అడ్డుకున్నారు: “కాలిన చర్మం వేరు, ఒత్తిడికి చీలిన పాదం వేరు. షీట్ నేనూ వాడతా, కాలిన గాయాలకు. పాదానికి దానివల్ల తొందరగా మానుతుందని ఎవరూ గట్టిగా చూపలేదు.” ఈ విషయంలో అతను మరి వాదించలేదు.

అతని సంచిలో ఇంకో కాగితం ఉంది. దాన్నే చివరిదాకా దాచుకున్నట్టున్నాడు.

“నువ్వెప్పుడూ అడుగుతావు కదా, కట్టూ కోతా అన్నీ సరిగ్గా చేసి, అయినా మానని పుండ్లను మాత్రమే తీసుకుని ప్రయోగం చెయ్యండ్రా అని. చేశారు. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో. 2018లో అచ్చయింది. ముందు నాలుగు వారాలు అందరికీ మామూలు వైద్యమే. ఆ నాలుగు వారాల్లో సగానికి సగం తగ్గిన పుండ్లను పక్కనపెట్టారు, అవి వాటంతట అవే మానతాయని. మిగిలిన మొండి పుండ్లలో సగం మందికి వాళ్ల రక్తమే కొద్దిగా తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఫైబ్రిన్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కలిసిన చిన్న బిళ్ల చేసి వారానికోసారి పుండు మీద వేశారు. 20 వారాల్లో 34 శాతానికి మానింది. బిళ్ల వెయ్యనివాళ్లలో 22 శాతానికి. లూకోప్యాచ్ అంటారు. నువ్వు చెప్పిన ఆ మార్గదర్శకాలే దీన్ని ఆలోచించవచ్చన్నాయి.”

అక్క కాగితం తీసుకుని పట్టికలు చూశారు. ఆమె వేలు ‘నాలుగు వారాలు’ అన్నచోట ఆగింది. ఆ గడువు ఆమె రోజూ పాటించేదే. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి మించి తగ్గినవాళ్లలో 58 శాతానికి 12 వారాల్లో మానింది, తగ్గనివాళ్లలో 9 శాతానికే. ఆమె బల్ల మీద ఎప్పుడూ ఉండే గళ్ల ప్లాస్టిక్ కాగితం దానికోసమే. పుండు మీద పరిచి స్కెచ్ పెన్నుతో అంచు గీసి గళ్లు లెక్కపెడతారు.

“ఇది సరైన ప్రశ్న వేసిన ప్రయోగం,” అన్నారు. “ట్యూబులో ఒక్క ప్రోటీన్ కాదు, మనిషి రక్తంలో ఉన్న మొత్తం సరంజామా. అందుకే నిలబడిందేమో.”

“ఇంకొకటి కూడా ఉంది. ఫ్రాన్స్‌లో తయారైన డ్రెస్సింగ్, సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ అద్దింది. అది ప్రోటీన్ కాదు. నేను చెప్పిన ఎం.ఎం.పి.ల నోరు కట్టేస్తుంది. రక్తం కాస్త తక్కువగా ఆడే పాదాల మీద, 240 మందితో చేశారు. 20 వారాల్లో 48 శాతం, మామూలు డ్రెస్సింగ్‌తో 30 శాతం. అక్కా, మేము ఇన్నేళ్లూ బయటి నుంచి ప్రోటీన్ పోయాలని చూశాం. ఉన్న ప్రోటీన్ తెగిపోకుండా కాపాడితే అంత లాభం ఉంటుందని ఆలస్యంగా తెలిసింది.”

తమ్ముడి వాదనలో అన్నింటికన్నా బలమైన చోటు ఇదే అని ఈ రచయితకు అనిపిస్తుంది. అతను మొదట పట్టుబట్టింది జెల్ కోసం. తేల్చింది మాత్రం వేరే: అంతా సరిగ్గా చేసినా నాలుగు వారాలకు కదలని పుండుకు ఆ దశలో ప్రోటీన్ వైద్యం న్యాయంగా అందాలి. అక్క చెప్పిన వరుసను అది తలకిందులు చెయ్యదు. ఆ వరుస ముగిసిన చోట మొదలవుతుంది. కట్టూ కోతా లేకుండా ముందే ట్యూబు రాసివ్వడం తప్పు. నాలుగు వారాల తర్వాత కూడా ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనడం కూడా తప్పే. ఆ రెండో తప్పు మన ఆసుపత్రుల్లో ఎక్కువగా జరుగుతుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మాటల మధ్యలో అక్కకు ఇందాకటి కూలీ ఆమె సంగతి గుర్తొచ్చింది. రెండు నెలలుగా ఆమె పప్పు, గుడ్డు, మాంసం ముట్టలేదట. పుండున్నప్పుడు పప్పు తింటే చీము పడుతుందని అత్త చెప్పింది. చారూ అన్నమూ, ఎప్పుడైనా బీరకాయ కూర.

“ప్రతి రెండో ఇంట్లో ఇదే పథ్యం,” అన్నారు అక్క. “కొత్త కండ పట్టాలంటే కావలసినదే మానేస్తారు. నువ్వు మైక్రోగ్రాముల్లో ప్రోటీన్ ఇస్తానంటున్నావు. ఆమె గిన్నెలోంచి గ్రాములకు గ్రాములు తీసేశారు. రోజూ ఒక గుడ్డు, రెండు పూటలా పప్పు తినమని చెప్పడానికి ఇవాళ నాకు బ్లేడు పనికన్నా ఎక్కువ సేపు పట్టింది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకైతే అదీ కొలిచి చెప్పాలి.”

“పచ్చి బొప్పాయి రాసుకొచ్చేవాళ్లు లేరా?” అని అడిగాడు తమ్ముడు.

“ఎందుకు లేరు. దాని పాలలో ఉన్న పపైన్ చచ్చిన కండను కరిగిస్తుంది, నిజమే. అదీ ప్రోటీనే, నీ జాతిదే. ఆయింట్‌మెంట్లుగానూ వచ్చింది. కానీ అనుమతి లేని పపైన్ మందుల అమ్మకం ఆపమని 2008లో ఎఫ్‌డీఏ ఆదేశించింది, ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీలు వచ్చాయని. అయినా కాయ నరికి పుండు మీద పెడితే ఎంత పడిందో, దాంతో ఏ క్రిములు లోపలికి పోయాయో ఎవరికి తెలుసు?”

అప్పటికి మధ్యాహ్నం దాటింది. అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఇద్దరూ లేవలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని, ఇలాంటి ప్రయోగం ఉత్తరాంధ్రలో చెయ్యాలంటే ఏమేం కావాలో రాయడం మొదలుపెట్టారు. ముందు నాలుగు వారాలు అందరికీ సిమెంటు కట్టు, వారం వారం కోత. కట్టు వేసుకున్నన్నాళ్లూ పోయే కూలికి పరిహారం ప్రయోగం ఖర్చులోనే కలపాలని తమ్ముడు రాయించాడు. లేకపోతే సగం మంది రెండో వారానికే మాయమవుతారని అతని వాదన. అక్క వెంటనే ఒప్పుకున్నారు. తర్వాత ఇంట్లో వండే పప్పూ గుడ్డూ కూడా రెండు గుంపులకూ సమానంగా చూడాలన్నారు. నాలుగు వారాలకు సగం తగ్గని పుండ్లకే ప్రోటీన్. రాసే జెల్ కాదు, రక్తం నుంచి చేసే బిళ్లే ముందు ప్రయత్నించాలని అక్క పట్టుబట్టారు, ఫ్రిజ్ అక్కర్లేదని. ఆ యంత్రం ఎన్ని ఆసుపత్రుల్లో ఉందో కనుక్కుంటానని అతను పక్కన రాసుకున్నాడు.

ఏది గెలుపు అన్న దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. చర్మం పూర్తిగా మూసుకుని నాలుగు వారాలు నిలిస్తే మానినట్టే లెక్క వెయ్యాలన్నాడు తమ్ముడు. యూరప్ ప్రయోగంలోనూ అంతే చేశారన్నాడు. అక్క ఒప్పుకోలేదు. మానిన పాదాల్లో నూటికి నలభై ఏడాది లోపే మళ్లీ చీలుతున్నాయి కాబట్టి ఏడాది చూడాలన్నారు.

“ఏడాదంటే ఖర్చు రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. ఎవరూ డబ్బు పెట్టరు అక్కా.”

“పెట్టేవాళ్లను వెతుకు. నాలుగు వారాలకు మానిందని కాగితం మీద రాసి, ఆరో నెలలో అదే కాలు నా బల్ల మీదికి మళ్లీ వస్తే ఆ అంకెను నేనేం చేసుకోను?”

తమ్ముడు కాగితం మీద ‘4 వారాలు’ కొట్టేసి పక్కన ‘12 నెలలు’ అని రాశాడు. ఎదురుగా ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. అక్క ఆ ప్రశ్నార్థకాన్ని తుడిచేయమన్నారు. అతను తుడవలేదు.